కోడ్ ఏఐ రాస్తే ప్రోగ్రామరు పని ఎక్కడ మొదలవుతుంది?

మంజీర:

అందరికీ నమస్కారం. నేను 22 ఏళ్లుగా హైదరాబాదులో బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. కొన్ని వారాలుగా నన్ను వదలని ఒక ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను.

మా బృందంలో చేరి ఏడాదిన్నర దాటిన ఒక అబ్బాయి, డిపాజిట్లపై వడ్డీ లెక్కించే భాగాన్ని ఏఐ సాధనంతో ఒక్క పూటలో తయారుచేసి తెచ్చాడు. ఒకప్పుడు నాకు ఆ పనికి వారం పట్టేది. కోడ్ పొందికగా ఉంది, పేర్లు అర్థవంతంగా ఉన్నాయి, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులన్నీ పాసయ్యాయి. "ఫిబ్రవరి 29న డిపాజిట్ చేసినవారికి ఏడాది ఏ రోజుతో పూర్తవుతుంది?" అని అడిగాను. అతను కోడ్ వైపు చూడలేదు. ఆ ప్రశ్నను సాధనానికే వేసి, ఫిబ్రవరి 28 అని చెప్పాడు. అది సరైన జవాబా కాదా అన్నది కోడ్‌లో తేలేది కాదు, ఆ బ్యాంకు నిబంధనలలో తేలేది. నిబంధన ఏమిటని అతనూ ఎవరినీ అడగలేదు, సాధనమూ అతన్ని అడగలేదు. టెస్టులను రాసినదీ అదే సాధనం కాబట్టి, ఒకే ఊహను రెండు చోట్ల రాసుకుని రెండూ సరిపోయాయని అనుకున్నట్టే అయింది.

ఈ మార్పు చాలా వేగంగా వచ్చింది. కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనం గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది, చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. తమ సంస్థలో కొత్తగా పుడుతున్న కోడ్‌లో నాలుగో వంతుకు పైగా ఏఐ రాస్తున్నదేనని, దాన్ని ఇంజనీర్లు పరిశీలించి ఆమోదిస్తున్నారని గూగుల్ అధినేత సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో చెప్పారు. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కార్పతి, కోడ్ వైపు చూడకుండా చెప్పుకుంటూ పోయి ప్రోగ్రాము తయారుచేయించే పద్ధతికి 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టారు. పిచాయ్ మాటలో 'పరిశీలించి' అన్న పదం ఉంది, కార్పతి పద్ధతిలో అది లేదు. మన వృత్తి భవిష్యత్తు ఆ ఒక్క పదం మీదే ఆధారపడి ఉందని నేను నమ్ముతున్నాను. పరిశీలించగలిగే మనిషి ఎలా తయారవుతాడో మీ అనుభవాల నుంచి చెప్పమని కోరుతున్నాను.

గోదారిగట్టు:

మంజీర గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను 1998లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, 2000 సంవత్సరం సమస్యను సరిచేసే పనిమీద అమెరికా వచ్చి, ఇప్పటికీ ఇక్కడ మెయిన్‌ఫ్రేములనే పెద్ద కంప్యూటర్ల మీదే పనిచేస్తున్నవాణ్ని. ఆ రోజుల్లో మేము కొత్తగా రాసింది చాలా తక్కువ. మేము పుట్టకముందు ఎవరో రాసిన ప్రోగ్రాములను తెరిచి, సంవత్సరాన్ని రెండు అంకెలతో ఎక్కడెక్కడ దాచారో వెతికి, ఆ రెండంకెల మీద ఇంకే లెక్కలు ఆధారపడ్డాయో పట్టుకోవడమే మా పని. అంటే మాకు జీతమిచ్చింది చదివినందుకే.

కోడ్ రాసే శ్రమ తగ్గడం కొత్త కాదు. మనిషి రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరు, ఏ-0ను, గ్రేస్ హాపర్ 1952లో చేశారు, ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం 1957లో ఫోర్‌ట్రాన్ భాషను ఇచ్చింది. యంత్రభాషలో చేయి తిరిగినవారికి అప్పుడూ అనుమానాలు ఉండేవి. అయితే ఆనాటి మార్పుకూ ఈనాటి మార్పుకూ ఒక భేదం ఉంది. కంపైలరుకు ఒకే ప్రోగ్రామును ఎన్నిసార్లు ఇచ్చినా అదే అర్థమున్న యంత్రసంకేతం వస్తుంది, దాని నియమాలు ముందే రాసి ఉంటాయి. అందుకే ఇన్నేళ్లలో కంపైలరు ఇచ్చినదాన్ని తెరిచి చదవవలసిన అవసరం నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే వచ్చింది. ఇప్పటి సాధనానికి ఒకే మాటను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెబితే రెండు వేర్వేరు ప్రోగ్రాములు రావచ్చు, అందులో ఒకటి తప్పు కావచ్చు. "కంపైలరు వచ్చినప్పుడు కూడా ఇలాగే భయపడ్డారు" అని తేలిగ్గా కొట్టిపారేసేవారు ఈ తేడాను చూడడం లేదు.

నాగావళి:

నేను 2024లో బీటెక్ పూర్తిచేసి, ఏడు నెలలు వెతికాక విశాఖలో ఒక చిన్న సంస్థలో చేరాను. పెద్దలు మాట్లాడుతున్న చోట నా ఇబ్బందిని కూడా చెప్పుకోవాలనిపించింది.

మా సీనియర్లు చేరినప్పుడు వాళ్లకు మొదట చిన్న చిన్న పనులు ఇచ్చేవారట: ఒక తెరమీద తేదీ తప్పుగా కనిపిస్తోంది, ఒక రిపోర్టులో మొత్తం కలవడం లేదు, అలాంటివి. వాటికోసం ఇతరుల కోడ్‌లో రోజంతా తిరిగి, దారి తప్పి, చివరికి ఒక్క వరుస మార్చేవారు. వాళ్లకు చదవడం అలా వచ్చింది. ఆ పనులన్నీ ఇప్పుడు ఏఐకి వెళ్తున్నాయి. మాకు ఇస్తున్నది ఏఐ రాసిన నాలుగు వందల వరుసలను మధ్యాహ్నంలోగా చదివి బాగుందో లేదో చెప్పమనే పని. ఎన్నడూ ఈదని మనిషిని గట్టుమీద నిలబెట్టి, మునిగేవాళ్లను కాపాడమని అప్పగించినట్టు అనిపిస్తోంది. ఇంటర్వ్యూలలో రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. ఆ మొదటి రెండేళ్లు మాకు ఎవరిస్తారు?

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించినప్పుడు మా ఇంట్లో నాన్న ఆ వార్తను రెండుసార్లు చదివారు. ఏఐ కారణం కాదని, నైపుణ్యాల పొంతన లేకపోవడమే కారణమని ఆ సంస్థ చెప్పింది. ఆ పొంతన ఏమిటో, ఎక్కడ నేర్చుకోవాలో చెబితే నేర్చుకోవడానికి నాలాంటివాళ్లు సిద్ధంగానే ఉన్నారు.

పల్నాడు:

నేను ప్రోగ్రామరును కాదు. డిగ్రీ బీకాం. మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. నాకు జరిగినది ఈ చర్చకు పనికొస్తుందని రాస్తున్నాను.

2025 వేసవిలో ఏఐకి తెలుగులోనూ సగం ఇంగ్లీషులోనూ చెప్పుకుంటూ పోయి, పన్నెండు రోజుల్లో మా దుకాణానికి బిల్లింగ్ యాప్ చేసుకున్నాను. సరుకు నిల్వ, రైతుల అప్పు ఖాతాలు, బిల్లు ముద్రణ, అన్నీ ఉన్నాయి. మా నాన్నగారి చేతిరాత ఖాతాపుస్తకం స్థానంలో నేను చేసినది నిలబడినందుకు చాలా సంతోషపడ్డాను. ఆ సంతోషం ఇప్పటికీ ఉంది.

ఆ ఏడాది సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. మా సరుకులో ఎరువుల 5 శాతం, రసాయన పురుగుమందుల 18 శాతం అలాగే ఉండి, సూక్ష్మపోషకాలు 12 నుంచి 5కు తగ్గాయి. నేను యాప్‌లో రేటు మార్చాను, ఆ రోజు నుంచి బిల్లులు సరిగ్గానే వచ్చాయి. మా దగ్గర రైతులు విత్తేటప్పుడు అప్పు తీసుకుని పత్తి అమ్మాక కడతారు. డిసెంబరులో ఒక పెద్దాయన బాకీ తీర్చడానికి వచ్చి ఆగస్టు బిల్లు నకలు అడిగితే ముద్రించి ఇచ్చాను. వెయ్యి రూపాయల సరుకుకు ఆయన దగ్గరున్న పాత కాగితంలో 1,120 ఉంది, నకలులో 1,050 వచ్చింది. "డెబ్బై రూపాయలు ఎక్కువ రాశావా నాయనా?" అని ఆయన అడిగారు. ఆయన నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. ఆ మాట నాకు ఎంత కష్టం కలిగించిందో చెప్పలేను.

ఏఐకి చెబితే క్షమాపణ చెప్పి ఏదో మార్చింది. ఆ తర్వాత ఆగస్టు బిల్లులు సరిపోయాయి, అక్టోబరు బిల్లులు 12 శాతంతో వచ్చాయి. ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే భయంగా ఉంది.

మంజీర:

పల్నాడు గారూ, మీరు రాసినది చదివాక, నేను ఎత్తిన ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నా 22 ఏళ్లలో దొరకదనిపించింది. మీ యాప్‌లో జరిగినది ఇదై ఉంటుంది. బిల్లు రాసినప్పుడు సరుకు పేరు, పరిమాణం మాత్రమే బిల్లులో దాచి, పన్ను రేటును సరుకుల పట్టికలో ఒక్కచోటే ఉంచారు. పాత బిల్లును మళ్లీ ముద్రిస్తే యాప్ ఈనాటి రేటు చూసి కొత్తగా లెక్కవేస్తోంది. తర్వాత ఏఐ చేసిన మార్పు, బహుశా ఒక తేదీని పట్టుకుని పాత రేటును అతికించడం. రేటు ఇంకోసారి మారితే ఇంకో అతుకు పడుతుంది.

సరైన పద్ధతి మీ నాన్నగారి పుస్తకంలోనే ఉంది. ఆయన బిల్లు రాసినప్పుడు ఆ రోజు ధర, ఆ రోజు పన్ను, ఆ రోజు మొత్తం సిరాతో రాసేవారు. రేట్లు ఎన్ని మారినా ఆ పేజీ మారదు. బిల్లు అంటే జరిగిపోయిన ఒక సంఘటనకు రికార్డు. ప్రతి బిల్లు వరుసలోనూ ఆనాటి ధర, ఆనాటి రేటు, పన్ను మొత్తం విడిగా దాచి, ముద్రణలో మళ్లీ లెక్కవేయకూడదు. ఏఐకి ఇది తెలియదని నేను అనను, అడిగితే చక్కగా వివరిస్తుంది కూడా. అడగవలసిన సంగతి ఒకటుందని మీకు తెలియకపోవడంతోనే ఇబ్బంది వచ్చింది. అది మీ తప్పు కాదు.

వంశధార:

నేను పదిహేనేళ్లుగా ప్రభుత్వ ప్రాజెక్టులలో అవసరాలను రాసుకోవడం, పరీక్షించడం చేస్తున్నాను. మంజీర గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. కోడ్ చదవగలగడమే ముఖ్యమన్నట్టు చర్చ సాగుతోంది. నా అనుభవంలో అసలైన తప్పులు కోడ్ కంటే ముందే జరుగుతాయి.

తెలంగాణలో భూరికార్డులకు 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాత పహాణీలో, అంటే ఊళ్లోని భూముల వివరాల రికార్డులో, పట్టాదారు కాలమ్‌తో పాటు అనుభవదారు (సాగుచేసుకుంటున్నవారు) కాలమ్ ఉండేది. ధరణిలో దాన్ని తీసేశారు. 2020 చట్టంలో తహసీల్దారు స్థాయిలో తప్పులు సరిదిద్దే దారి మూసుకుపోయి, పేరులో ఒక అక్షరం తేడాకు కూడా రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. ఆ నిర్ణయాలు మంచివా కాదా అన్న రాజకీయ చర్చ ఇక్కడ చేయను. ఒక కాలమ్ లేకపోవడం ఏ టెస్టులోనూ తప్పుగా తేలదని మాత్రం చెబుతున్నాను. కోడ్‌ను ఎంత శ్రద్ధగా చదివినా, అందులో లేనిది కనపడదు. అది కనపడాలంటే భూమి దున్నేవాడికీ పట్టా ఉన్నవాడికీ మధ్య తేడా తెలిసిన మనిషి ఆ గదిలో కూర్చుని ఉండాలి. రేపటి ప్రోగ్రామరు కోడ్ తక్కువ చదివి, పహాణీ ఎక్కువ చదవాలని నా అభిప్రాయం.

మంజీర:

వంశధార గారూ, మీ మాటలో బలముంది. కానీ పల్నాడు గారిని చూడండి. దుకాణం గురించి ఆయనకంటే తెలిసినవారు ఎవరూ లేరు, అప్పు ఎప్పుడిస్తారో, ఎప్పుడు తీరుస్తారో ఆయనకు తెలుసు. అయినా తనకు తెలిసినది యాప్‌లో లేదని డిసెంబరు దాకా ఆయనకు కనపడలేదు. విషయజ్ఞానం ఒకరి దగ్గర, కోడ్ జ్ఞానం ఇంకొకరి దగ్గర ఉండి, వారిద్దరి మధ్యా సాధనం మాత్రమే ఉంటే చాలదు.

కిన్నెరసాని:

నేను భారతీయ భాషల ఫాంట్లు, అక్షరాల ప్రదర్శన మీద పనిచేస్తాను. పై వాదానికి తెలుగుతోనే ఒక ఉదాహరణ చెప్పాలని ఉంది.

'లక్ష్మి' అనే పేరు మన కంటికి రెండక్షరాలు. ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో కంప్యూటరులో దాచితే 21 బైట్లు. ఒక దరఖాస్తులో పేరును అయిదు అక్షరాలకు కుదించమని ఏఐకి చెబితే, ప్రత్యేకంగా హెచ్చరించకపోతే అది తరచుగా సంకేతాలను లెక్కపెట్టే కోడ్ రాస్తుంది. అప్పుడు లక్ష్మి 'లక్ష్' అయిపోతుంది. ఇంగ్లీషు పేర్లతో రాసిన టెస్టులన్నీ పాసవుతాయి. ఈ తప్పును పట్టుకోవడానికి తెలుగు తెలిసి ఉండాలి, ఆ భాషను యంత్రం ఎలా దాచుకుంటుందో కూడా తెలిసి ఉండాలి. ఒక్కటి సరిపోదు.

ఇది చిన్న విషయమని అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరంలో జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే సంకేతం వచ్చి, ఆపైన దీర్ఘం వస్తే, ఆ సందేశం అందుకున్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ ముఖతెరే పనిచేయకుండా పోయింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ప్రపంచంలోనే గొప్ప ఇంజనీర్లు ఉన్న సంస్థలో, ఏఐ రాయని కోడ్‌లో జరిగిన తప్పు అది. మనుషులు రాసినా తప్పు వస్తుంది కాబట్టి పాత కాలాన్ని మరీ గొప్పగా ఊహించుకోనక్కరలేదు. కానీ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెతికినవారు, మన ఒత్తులు ఎలా ఏర్పడతాయో లోపలికంటా చదివి పట్టుకున్నారు.

తుంగభద్ర:

రాయలసీమలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను. నాగావళి అడిగిన ప్రశ్న నన్ను కదిలించింది. ఎందుకంటే ఆ మొదటి రెండేళ్లలో కొంత భాగమైనా మేమే ఇవ్వవలసినది.

మొదట ఒక మాట. విద్యార్థులు కోడ్ కాపీ చేయడం కొత్త కాదు, ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు పొందే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 2008 నుంచి ఉంది. కానీ అక్కడ ఒక జవాబు కింద "ఇది పాత వెర్షన్‌లో పనిచేయదు", "ఖాళీ జాబితా ఇస్తే తప్పు వస్తుంది" అని పదిమంది వాదించుకున్నది కనపడేది. కాపీ చేసేవాడికి కూడా, ఇష్టం లేకపోయినా, ఆ సందేహాలు కంటపడేవి. ఇప్పుడు సందేహమే లేని ఒక్క గొంతు వినిపిస్తోంది. ఆ సైటులో 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ జవాబులను నిషేధించారు, చూడడానికి బాగుండి తప్పుగా ఉండే జవాబులు వెల్లువెత్తుతున్నాయన్నదే వారు చెప్పిన కారణం.

రెండేళ్లుగా నేను ప్రయోగశాల పద్ధతి మార్చాను. మొదటి ఏడాది వాళ్లు ఏఐ లేకుండా, కొన్నిసార్లు కాగితం మీద రాస్తారు. మూడో ఏడాది వాళ్లకు ఏఐ వాడుకోనిస్తాను, కానీ మార్కులు ప్రోగ్రాముకు వేయను. పనిచేస్తున్న ప్రోగ్రామును ఇచ్చి, అది ఏ ఇన్‌పుట్‌కు తప్పు చేస్తుందో కనిపెట్టమంటాను. లేదా ఒక వరుస తీసేసి ఏమవుతుందో నడపకుండానే చెప్పమంటాను. మొదట్లో తరగతి మొత్తం మౌనంగా ఉండేది. ఇప్పుడు నా ప్రశ్నాపత్రంలో తప్పులు పట్టేవాళ్లు ఇద్దరు ముగ్గురు తయారయ్యారు, వాళ్లను చూస్తే నాకు చాలా గర్వంగా ఉంటుంది. దీనికి సమయం పడుతుంది, సిలబస్ సగమే అవుతుంది, ఆ విషయంలో యాజమాన్యంతో మాటలు పడుతూనే ఉన్నాను.

గోదారిగట్టు:

తుంగభద్ర గారి పద్ధతిని నేను పూర్తిగా సమర్థిస్తాను. అనుభవజ్ఞులమైన మేము కూడా మమ్మల్ని మేము నమ్మకూడదని ఒక అధ్యయనం చెబుతోంది. మెటర్ అనే సంస్థ 2025 జూలైలో ప్రకటించిన ఫలితాలలో, ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులలో అనుభవమున్న 16 మంది డెవలపర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టులలో 246 పనులు చేశారు. ఏఐ వాడనిచ్చిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. మొదలుపెట్టకముందు 24 శాతం తగ్గుతుందని వారు అంచనా వేశారు, అంతా అయిపోయాక కూడా 20 శాతం తగ్గిందనే అనుకున్నారు. పదహారు మందిని చూసి ప్రపంచమంతటికీ వర్తింపజేయలేం, సాధనాలూ అప్పటికంటే మెరుగయ్యాయి. కానీ వేగంగా చేశామన్న భావనకూ గడియారానికీ మధ్య అంత దూరం ఉండడం నన్ను ఆలోచింపజేసింది.

నాగావళి:

తుంగభద్ర గారూ, మీ విద్యార్థులను చూసి అసూయ కలుగుతోంది. నిన్న రాత్రి మీరు చెప్పిన ఆ రెండు పద్ధతులనూ నా మీదే ప్రయోగించుకున్నాను.

పల్నాడు గారు తన బిల్లు ముద్రించే భాగాన్ని నాకు విడిగా పంపారు. ఏఐని తెరవకుండా మూడు గంటలు చదివాను. మంజీర గారు ఊహించినట్టే తేదీ పోలిక ఒకటి ఉంది, కానీ అది బిల్లు తేదీని కాదు, రైతు ఖాతా తెరిచిన తేదీని చూస్తోంది. పాత ఖాతాదారుల అక్టోబరు బిల్లులకు 12 శాతం పడినది అందుకే. ఇంకొకటి కూడా కనపడింది. సరుకు వాపసు ఇచ్చినప్పుడు వచ్చే క్రెడిట్ నోట్‌లో కూడా ఈనాటి రేటే పడుతోంది. ఆగస్టులో 12 శాతంతో కొన్న సరుకు వాపసు వస్తే పన్ను కూడా 12 శాతం చొప్పునే తిరిగి ఇవ్వాలి కదా? కాలేజీలో ఎవరూ జీఎస్టీ చెప్పలేదు, కాబట్టి ఇది సరైనదో కాదో మీలో తెలిసినవారు చెప్పండి.

వంశధార:

అమ్మాయివో అబ్బాయివో తెలియదు కానీ, చక్కగా పట్టుకున్నారు. అవును, మొదటి బిల్లులో వసూలైన పన్నునే తగ్గించాలి కాబట్టి ఆ బిల్లు రేటే వర్తిస్తుంది. ఈ ప్రశ్న అడగాలని మీకు తోచింది చూశారా, నేను పహాణీ చదవాలన్నది ఇందుకే. దానికి మీరు కోడ్ చదివే చేరుకున్నారు కాబట్టి, మంజీర గారితో నా విభేదాన్ని కొంత సవరించుకుంటున్నాను.

పల్నాడు:

అందరికీ కృతజ్ఞతలు. క్రెడిట్ నోట్ సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు. పోయిన నెలలో ముగ్గురు సరుకు వాపసు ఇచ్చారు, వాళ్ల కాగితాలు ఈ రోజే తీసి చూస్తాను.

కార్బన్ నకళ్ల పుస్తకాలు ఇంకా ఉన్నాయి కాబట్టి జూన్ నుంచి ఉన్న ప్రతి బిల్లునూ యాప్‌తో పోల్చుకోవాలని నిర్ణయించుకున్నాను. నాన్నగారు కాగితం చదువుతారు, నేను తెర చూస్తాను. నాగావళి గారూ, ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసేస్తాము. బిల్లు వరుసలో రేటు ఎలా దాచాలో మీరు ఫోన్‌లో చెబుతుంటే, ఈసారి ప్రతి వరుసా నాకు అర్థమయ్యాకే మార్చాలనుకుంటున్నాను. మీకు వీలవుతుందా?

నాగావళి:

తప్పకుండా అండి. మూడింటికి చేయండి. పరీక్షకు ఆ పెద్దాయన ఆగస్టు బిల్లుతోనే మొదలుపెడదాం.